దీనార శబ్ద చరిత్ర

మన తెలుగునకు 'దీనారము' అను మాట మూడు వాకిళ్ళ నుండి వచ్చినది. మొదటిది సంస్కృతపు వాకిలి. ప్రౌఢదేవరాయల ముత్యాలశాలలో తనకు జరిగిన కనకాభిషేకమును గూర్చి శ్రీనాథుడు చెప్పెనని ప్రసిద్ధి గాంచిన చాటుపద్యమున దీనార శబ్దము టంక శబ్దముతో జంటయై కనబడును. రెండవది బైబిలు వాకిలి. ద్రాక్షతోటలో పనిచేసిన కూలివారి ఉపమానమున ఒక దినపు కూలిగా చెప్పబడిన నాణెమునకు తెలుగు బైబిలు 'దేనారము' అని పేరు పెట్టినది. మూడవది ఇటీవలిది. కడప సీమ నుండియు గోదావరి జిల్లాల నుండియు కువైటునకు పనికి వెళ్ళినవారు ఇంటికి పంపు డబ్బును లెక్కించునది దీనారులలోనే.

దీనారము, దేనారము, దీనారు. ఈ మూడును ఒకే తల్లి బిడ్డలు. ఆ తల్లి 'దేనారియుస్' అను లాటిను నామవాచకము. రోమనగరమున క్రీస్తునకు పూర్వము రెండు శతాబ్దములకు పైబడిన కాలమున పుట్టిన ఈ మాట అర్థమేమి, దాని వ్యాకరణమేమి, అది మనవరకు ఎట్లు వచ్చినది అను విషయములను ఈ ప్రసంగమున విచారింపదలచితిమి.

ముందుగా వ్యుత్పత్తి. లాటినులో పది సంఖ్యకు 'దెకెమ్' అని పేరు. ఇది మన సంస్కృతపు 'దశ' శబ్దమునకును, గ్రీకుల 'దెక' శబ్దమునకును తోబుట్టువు. సంస్కృతమున తాలవ్య శకారమున్న చోట లాటినులో కకారముండుట పెక్కు మాటలలో చూడవచ్చును. 'శతమ్' అనుదానికి అక్కడ 'కెంతుమ్' అందురు. ఈ దెకెమ్ నుండియే 'దేనీ' అను మరియొక రూపము పుట్టినది. దాని అర్థము ఇతర భాషలవారికి వివరించి చెప్పవలసినదే గాని, తెలుగువారికి అక్కరలేదు. మనము 'తలకు పదేసి ఇచ్చిరి' అన్నప్పుడు ఆ 'పదేసి' అను మాట ఏ పని చేయుచున్నదో, లాటినులో 'దేనీ' అనునది ఆ పనియే చేయును. రెండేసి, మూడేసి, నాలుగేసి అని మనకు వరుస కలిగినట్లే వారికిని 'బీనీ, తెర్నీ, క్వాతెర్నీ' అని వరుస కలదు.

ఈ 'దేనీ'కి 'ఆరియుస్' అను ప్రత్యయము చేర్చగా 'దేనారియుస్' ఐనది. ఆ ప్రత్యయము 'దానికి సంబంధించినది, అది కలిగినది' అను అర్థమిచ్చును. కావున దేనారియుస్ అనగా 'పదేసి కలది'. ఇది మొదట విశేషణమే గాని నామవాచకము కాదు. 'నాణెము' అని అర్థమిచ్చు 'నుమ్ముస్' అను విశేష్యము దాని ప్రక్కన ఉన్నట్లుగా భావింపవలెను. 'పదేసి కలిగిన నాణెము' అని పూర్తి మాట. వాడుకలో విశేష్యము జారిపోయి, విశేషణమే పేరుగా నిలిచినది. మనవారు 'పచ్చనోటు' అనుటకు మారుగా 'పచ్చది' అని ఊరుకొనుట వంటిదే ఇదియు.

పదేసి ఏమి? అస్సులు. 'అస్' అనునది రోమనుల కంచు నాణెము. పూర్వకాలమున ఒక్కొక్క అస్ ఒక రోమను పౌను బరువుండెడిది. కార్తేజి సేనాని హన్నిబాలు ఇటలీపై దండెత్తి వచ్చిన మహాయుద్ధములో రోమనుల బొక్కసము చిక్కిపోయి, అస్సు బరువు తగ్గుచు పోయినది. ఆ సంకటములోనే క్రీ.పూ. 211 ప్రాంతమున రోమనులు తమ ద్రవ్యవిధానమును క్రొత్తగా కట్టుదిట్టము చేసి, పది అస్సుల విలువగల వెండి నాణెమును ముద్రించిరి. అదియే దేనారియుస్. ఒక ప్రక్క శిరస్త్రాణము ధరించిన రోమాదేవి తల, ఆ తల వెనుక పది సంఖ్యను సూచించు గుణకారపు గుర్తు వంటి అక్షరము. రెండవ ప్రక్క గుఱ్ఱములపై దుముకుచున్న కవల దేవతలు. మన అశ్వినీదేవతలను తలపించు వారే కాస్టరు, పోలక్సు. నాణెము బరువు దాదాపు నాలుగున్నర గ్రాములు.

ఈ తేదీ తేలిన తీరు గమనింపదగినది. క్రీ.శ. ఒకటవ శతాబ్దపు ప్లినీ పండితుడు రోమనుల వెండి నాణెము క్రీ.పూ. 269 నాటిదని వ్రాసియుండెను. అతని మాటను చిరకాలము నమ్మినవారు కలరు. 1955లో సిసిలీ ద్వీపమున మోర్గాంతినా అను పాడుపడిన నగరమున త్రవ్వకములు మొదలైనవి. ఆ నగరము హన్నిబాలు యుద్ధకాలమున రోమనుల చేతిలో విధ్వంసమైనది. ఆ విధ్వంసపు పొరలలో దొరికిన దేనారియుస్‌లు క్రొత్తవిగా, అరుగుదల లేనివిగా నుండెను. అందుచే నాణెము పుట్టుక ఆ యుద్ధకాలమునకు దిగివచ్చినది.

ఇక వ్యాకరణము. లాటిను నామవాచకములను ఐదు గణములుగా విభజింతురు. దేనారియుస్ రెండవ గణమునకు చెందిన పుంలింగ శబ్దము. కర్తగా నున్నప్పుడు 'దేనారియుస్', కర్మగా నున్నప్పుడు 'దేనారియుమ్', చతుర్థీ పంచములలో 'దేనారియో', షష్ఠిలో 'దేనారియీ', లేక కుదించి 'దేనారీ'. సంస్కృతము కొంచెమైనను చదివినవారికి ఇది అపరిచితముగా తోపదు. రామ శబ్దమున ప్రథమ యందలి విసర్గ సకారము నుండి వచ్చినదే. రామమ్ అను ద్వితీయ యందలి మకారము లాటినులోను అట్లే యున్నది. మన అకారాంత పుంలింగమును, వారి రెండవ గణమును ఒక ప్రాచీన భాషాకుటుంబపు సొమ్ములు.

బహువచనమున ఒక చిక్కు కలదు. ఈ గణములోని శబ్దములకు షష్ఠీ బహువచనము సాధారణముగా 'ఓరుమ్' అని ముగియును. ఆ లెక్కన 'దేనారియుస్‌ల యొక్క' అనుటకు 'దేనారియోరుమ్' అనవలెను. కాని రోమనులు డబ్బు లెక్కపెట్టునప్పుడు అట్లనక, 'వేయి దేనారియుమ్' అనెడివారు. ఇది వ్యాకరణదోషము కాదు. 'ఉమ్' అనునదే పురాతన ప్రత్యయము, 'ఓరుమ్' తరువాత వచ్చినది. సామాన్య వ్యవహారమున క్రొత్త రూపము పాతదానిని తరిమివేసినను, నాణెములు, కొలతలు, దేవతలు, కొన్ని అధికారపదవులు, ఇట్టి మాటలలో పాత రూపము కదలక నిలిచినది. చిక్కేమనగా, ఈ రూపము ద్వితీయా ఏకవచనముతో అక్షరాలా సమానము. 'దేనారియుమ్' అని యున్నచోట అది ఒక నాణెమునకు కర్మరూపమో, పెక్కు నాణెములకు షష్ఠీరూపమో ప్రక్కనున్న సంఖ్యను బట్టి గ్రహింపవలెను.

క్రీ.పూ. 116 నుండి 27 వరకు జీవించిన వర్రో అను మహాపండితుడు తన లాటిను భాషాగ్రంథమున ఈ మాటనే చర్చకు పెట్టెను. భాష నియమమును అనుసరించి నడచునా, వాడుకను అనుసరించి నడచునా అని ఆనాటి పండితులలో రెండు పక్షములుండెను. భాషకు నియమము నిజముగా నున్నచో, 'వేయి దేనారియుమ్' అనుచున్నారేల అని వాడుకపక్షమువారి ప్రశ్న. ఈ వివాదము మన గ్రాంథిక వ్యావహారిక వాదములను చూచినవారికి క్రొత్త కాదు. డబ్బు మాటలకు మొండితనమెక్కువ. మన దేశమున 1957 ఏప్రిలు 1వ తేదీన అణాలు పోయి నయాపైసలు వచ్చినవి. 2011లో ఇరువదియైదు పైసల నాణెము కూడ చెలామణి నుండి తొలగినది. ఐనను 'పావలా వడ్డీ' అను మాట మనకు పోలేదు. వీసము ఎంతో ఎరుగని వారును 'వీసమెత్తు' అనుచునే యున్నారు.

వ్యాకరణము సంగతి అట్లుండగా, అర్థమునకే ముప్పు వచ్చినది. క్రీ.పూ. 141 ప్రాంతమున రోమను ప్రభుత్వము దేనారియుస్ విలువను పది అస్సుల నుండి పదునారు అస్సులకు మార్చినది. కంచు నాణెములు అప్పటికే తేలికపడి యుండుటచే లెక్కను వాస్తవమునకు దగ్గరగా తెచ్చిరి. కొంతకాలము నాణెములపై పదునారు సంఖ్యను ముద్రించిరి. అటుపిమ్మట మరల పాత గుర్తునకే వచ్చిరి. రూపాయికి పదునారణాలు లెక్కించిన మన పెద్దలవలెనే రోమనులును దేనారియుస్‌నకు పదునారు అస్సులు లెక్కించిరి. కాని పేరు మాత్రము 'పదేసి కలది' అనియే నిలిచినది.

పేరునకును విలువకును ఏర్పడిన ఈ ఎడము ఎవరికి నష్టము కలిగించెను? జీతము తీసికొనువానికి. సైనికుల జీతము విషయమున మాత్రము దేనారియుస్‌ను ఎల్లప్పుడు పది అస్సులకే లెక్కగట్టిరని ప్లినీ వ్రాసినాడు. అగస్టసు చక్రవర్తి కాలమున కాల్బలపు సైనికునకు సంవత్సరమునకు 225 దేనారియుస్‌ల జీతము. పదునారు చొప్పున లెక్కించిన 3,600 అస్సులు. దినమునకు పది అస్సులకు కొంచెము తక్కువ.

క్రీ.శ. 14లో అగస్టసు మరణించెను. వార్త తెలియగానే డాన్యూబు నదీప్రాంతమున పన్నోనియా రాష్ట్రములోని మూడు దళములు తిరుగబడినవి. ఆ తిరుగుబాటు కథను చరిత్రకారుడైన తాసితుసు వర్ణించెను. పెర్కెన్నియుసు అను సామాన్య సైనికుడు, పూర్వము నాటకశాలలలో కేకలు వేయు ముఠాలకు నాయకుడుగా నుండినవాడు, తోటివారిని పోగుచేసి ప్రశ్నించినాడు. మా దేహమునకును ప్రాణమునకును కలిపి దినమునకు పది అస్సుల వెల కట్టినారు. ఆ పదిలోనే బట్టలు, ఆయుధములు, గుడారములు కొనవలెను. శతాధిపతుల దౌర్జన్యము నుండి తప్పించుకొనుటకు లంచమును ఆ పదిలోనే ఈయవలెను. రాజధానిలో చక్రవర్తి అంగరక్షకులు దినమునకు రెండేసి దేనారియుస్‌లు పుచ్చుకొనుచున్నారు. మాకు దినమునకు ఒక్క దేనారియుస్ ఇండు, పదునారేండ్ల కొలువు తరువాత ఇండ్లకు పంపుడు. ఇదీ అతని వాదము.

క్రొత్త చక్రవర్తి తిబెరియుసు తన కుమారుడు ద్రూసుసును పంపెను. ఒక రాత్రి చంద్రగ్రహణము పట్టగా సైనికులు దానిని అపశకునముగా భావించి భయపడిరి. ద్రూసుసు ఆ భయమును ఉపయోగించుకొని వారిని చల్లబరచి, పెర్కెన్నియుసును చంపించెను. దినమునకొక దేనారియుస్ వారికి దక్కలేదు. ఒక మాటకు పది యని అర్థమా, పదునారని అర్థమా అను ప్రశ్న బడిలో వ్యాకరణ ప్రశ్న. సైనికుని శిబిరములో అది తిండి ప్రశ్న.

ఆ తరువాతి కథ వెండి కరిగిపోయిన కథ. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి నాణెము బరువును తగ్గించి, వెండిలో రాగిని హెచ్చించెను. క్రీ.శ. 200 నాటికి సెప్టిమియుసు సెవెరుసు ఏలుబడిలో వెండి దాదాపు సగమునకు దిగినది. మూడవ శతాబ్దము గడచుసరికి అసలు వెండి దేనారియుస్ ముద్రణ ఆగి, ఆ పేరు లెక్కల పద్దులలో మాత్రము మిగిలినది. 301లో డయొక్లీషియను చక్రవర్తి సరకులకు కూలికిని గరిష్ఠ ధరలు నిర్ణయించుచు ప్రకటించిన శాసనము ఆ పద్దులలోనే వ్రాయబడినది. అందు వ్యవసాయపు కూలికి తిండి పెట్టి దినమునకు 25 దేనారియుస్‌లు. సేనామానముతో ఒక కుంచము గోధుమలకు 100. గ్రీకు గాని లాటిను గాని వ్యాకరణము చెప్పు అయ్యవారికి శిష్యుడొక్కనికి నెలకు 200. బైబిలు ఉపమానములో ఒక దినపు కూలియైన నాణెము మూడువందల యేండ్లలో ఎంతకు దిగజారెనో ఈ అంకెలే చెప్పును.

వెండి దిగజారకముందే దేనారియుస్ సముద్రము దాటి మన దేశమునకు వచ్చినది. క్రీ.శ. ఒకటవ శతాబ్దపు గ్రీకు నావికుడొకడు వ్రాసిన 'ఎర్రసముద్ర యాత్ర' అను గ్రంథమున, నేటి భరుచ్ ఐన బరుకచ్ఛ రేవునకు బంగారు, వెండి దేనారియుస్‌లు వచ్చుచుండెననియు, అక్కడి నాణెములతో మార్చిన లాభము వచ్చుననియు వ్రాయబడినది. మన మచిలీపట్టణ ప్రాంతమైన 'మసాలియా'లో నూలుబట్టలు విరివిగా నేయబడుచున్నవని ఆ నావికుడే చెప్పెను. భారతదేశము ఏటేట ఐదుకోట్ల సెస్తెర్తియుస్‌లు మ్రింగివేయుచున్నదని ప్లినీ మొరపెట్టుకొనెను. నాలుగు సెస్తెర్తియుస్‌లు ఒక దేనారియుస్. అనగా ఒక కోటి ఇరువదియైదు లక్షల దేనారియుస్‌లు.

సింహళమును గూర్చి ప్లినీ చెప్పిన ముచ్చట యొకటి కలదు. క్లాడియుసు చక్రవర్తి కాలమున ఒక రోమను ఓడ గాలికి కొట్టుకొనిపోయి సింహళమున చేరినదట. దానిలోని వాని వద్దనున్న దేనారియుస్‌లపై వేరువేరు తలలు ముద్రింపబడి యున్నను అన్నియు ఒకే బరువు తూగుట చూచి అక్కడి రాజు రోమనుల నిజాయితీకి మెచ్చుకొనెనట. నీరో నాణెమును పలుచన చేయుటకు కొంచెము పూర్వపు మాట ఇది.

భారతదేశమున దొరికిన రోమను వెండి నాణెములలో అధికభాగము అగస్టసు, తిబెరియుసుల కాలమువి. వెండి చెడకముందటి నాణెములనే మన వర్తకులు కోరి దాచుకొనిరని పండితుల అభిప్రాయము. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఒక్కచోటనే 1,500కు పైగా దేనారియుస్‌లు బయటపడినవి. తిబెరియుసు నాణెముపై ఒక ప్రక్క అతని తల, రెండవ ప్రక్క రాజదండమును కొమ్మను పట్టి కూర్చున్న స్త్రీ. బైబిలులో సుంకము చెల్లింపవచ్చునా అను ప్రశ్న వచ్చినప్పుడు చేతికిచ్చి చూపిన నాణెము ఇట్టిదే యని సాధారణముగా చెప్పుదురు.

నాణెముతోబాటు మాటయు వచ్చినది. గ్రీకుల నోట 'దేనారియోన్' ఐన ఈ శబ్దము మన ప్రాకృత సంస్కృతములలో 'దీనార' మైనది. కృష్ణాతీరమున నాగార్జునకొండలో క్రీ.శ. మూడవ శతాబ్దమున ఇక్ష్వాకు వీరపురుషదత్తుని కాలమున, ఉజ్జయిని రాజపుత్రికయైన మహాదేవి రుద్రధరభట్టారిక మహాచైత్యమున ఒక శిలాస్తంభము నెత్తించి, 170 'దీనారిమాషకములు' దానమిచ్చినట్లు శాసనము కలదు. మాష మనగా మినుపగింజ, దాని బరువు. పది యను లాటిను మాటకు మినుము అను మన మాట తోడై, తెలుగునేలపై ఒక బౌద్ధస్తంభముపై చెక్కబడినది. ఆ లోయ నాగార్జునసాగరు జలములలో మునిగినది గాని అక్కడి శిల్పశాసనములను ముందుగానే కొండపైని ప్రదర్శనశాలకు చేర్చిరి.

గుప్తుల కాలమునకు దీనారము బంగారు నాణెము పేరైనది. రెండవ చంద్రగుప్తుని కాలమున, క్రీ.శ. 412లో, సాంచి విహారమునకు 25 దీనారములు దానమిచ్చినట్లు శాసనమున్నది. రోమున వెండి నాణెమైనది ఇక్కడ బంగారమెట్లైనది? దేనారియుస్ మొదట విశేషణమని చెప్పియుంటిమి. రోమనులే తమ బంగారు నాణెమును 'బంగారు దేనారియుస్' అని పిలిచెడివారు. అట్టిది ఒకటి ఇరువదియైదు వెండి దేనారియుస్‌లకు సమానము. మనవారు విలువైనదానికే ఆ పేరు నిలుపుకొనిరి. అమరసింహుడు నిష్క శబ్దమునకు గల అర్థములలో దీనారమును చేర్చెను. ఉణాదిసూత్రములు దీనార శబ్దమును 'దీ' ధాతువు నుండి సాధించి చూపినవి. వచ్చినది పరదేశపు మాట యని మరపు కలిగి, ఇంటి మాటకు వలె దానికి ధాతువును వెదకిరి. అందుచేతనే పదునైదవ శతాబ్దపు శ్రీనాథుని నోట అది ఏ సంకోచమును లేక తెలుగుపద్యమున ఒదిగినది.

పశ్చిమమునకు పోయిన శాఖలు వేరు. ఇటలీలో 'దెనారో', స్పెయినులో 'దినేరో' అనగా నేడు సామాన్యముగా డబ్బు. ఫ్రాన్సులో 'దెనియే' చిల్లర నాణెమైనది. ఆంగ్లేయులు తమ పెన్నీకి సంక్షేపముగా వ్రాసిన 'డి' అక్షరము ఈ దేనారియుస్‌దే. 1971 ఫిబ్రవరి 15న వారు దశాంశపద్ధతికి మారువరకు అది వారి పద్దులలో నిలిచినది. అరబ్బుల నోట ఈ మాట 'దీనార్' ఐ ఖురానులోనికి ఎక్కినది. 696-97లో ఖలీఫా అబ్దుల్ మలిక్ ముద్రించిన బంగారు దీనారు వలన ఇస్లాము దేశములన్నిట వ్యాపించినది. 1961లో కువైటు మన రిజర్వు బ్యాంకు ముద్రించిన గల్ఫు రూపాయిని విడిచి తన దీనారును తెచ్చుకొనినది. దాని చిల్లర 'ఫిల్సు'. సంచి యను అర్థముగల 'ఫొల్లిస్' అను లాటిను మాటకు అది వారసురాలు. అచటి దీనారునకు వేయి ఫిల్సులు. 'పది' అను అర్థము ఎక్కడను మిగులలేదు.

కావున పాత శాసనములోగాని కావ్యములోగాని దీనార శబ్దము కనబడినప్పుడు, ఇది ఏ కాలపు దీనారము, ఏ లోహము, ఎన్నిటికి సమానము అని అడిగి తెలిసికొనిన పిదపనే దానికి వెల కట్టవలెను. పన్నోనియా శిబిరమున పెర్కెన్నియుసు అడిగినదియు ఇంచుమించు ఇదే ప్రశ్న. జీతపు పద్దులో వ్రాసిన పేరు కాదు, ఆ పేరుతో సాయంకాలము చేతికి ఎన్ని అస్సులు వచ్చుచున్నవని అతడు అడిగెను.